జంప్‌లో వెనక చక్రం ఎగదన్నుతోంది, ముందు చక్రం కిందికి పోతోంది: సస్పెన్షన్ ఎలా సెట్ చేయాలి?

ఓజార్క్_తెలుగు (బెంటన్‌విల్, ఆర్కన్సా)

అందరికీ నమస్కారం. ఉద్యోగాల మీద బెంటన్‌విల్ వచ్చిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సాయంత్రం పూట కోలర్ ప్రిజర్వ్ ట్రెయిళ్లలో తెలుగు మాటలు వినబడటం మామూలైపోయింది. ఇన్నాళ్లూ మౌంటెన్ బైక్ (కొండదారుల సైకిల్) మీద మామూలు ట్రెయిళ్లే తొక్కాను. ఇప్పుడు టేబుల్‌టాప్ జంప్‌లు (ఎక్కే వాలు, చదునైన పైభాగం, దిగే వాలు ఉన్న దిబ్బలు) మొదలుపెట్టాను, సమస్య అక్కడే వచ్చింది.

లిప్ (జంప్ ఎక్కే ఒంపు) దాటి గాల్లోకి లేవగానే వెనక చక్రం ఎగదన్నినట్టవుతోంది, ముందు చక్రం కిందికి దిగిపోతోంది. చిన్న వాటిలో ఎలాగో సర్దుకుంటున్నాను. కాస్త వేగం పెంచితే హ్యాండిల్‌బార్ మీంచి ముందుకు పడతానేమో అని టెన్షన్. ఆ భయంతో లిప్ దగ్గర ఒళ్లు బిగుసుకుపోతోంది, దాంతో ఇంకా అధ్వాన్నం.

వివరాలు: నా బరువు 82 కిలోలు. ముందు రాక్‌షాక్స్ పైక్ ఫోర్క్, 140 మి.మీ. ట్రావెల్ (నొక్కుకోగలిగే దూరం), గాలి 72 పిఎస్ఐ. వెనక ఎయిర్ షాక్, 50 మి.మీ. స్ట్రోక్ (షాక్ కదిలే దూరం), 205 పిఎస్ఐ. రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి తెరుచుకునే వేగం) నాబ్‌లు బైక్ చేతికొచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఏది తిప్పాలి, ఎటు తిప్పాలి?

గాలిపటం (సమామిష్, వాషింగ్టన్)

ఇది అందరికీ ఎదురయ్యేదే బ్రో. వెనక షాక్ రీబౌండ్ వేగం ఎక్కువైంది. లిప్ మీద షాక్ నొక్కుకుంటుంది, చక్రం లిప్ వదిలే క్షణంలో ఒక్కసారిగా తెరుచుకుని సీటు వైపు పైకి తన్నుతుంది. ఎర్ర నాబ్‌ని తాబేలు బొమ్మ వైపు ఓ నాలుగు క్లిక్కులు తిప్పి చూడు. నేను డ్యూతీ హిల్ పార్క్‌లో తొక్కుతాను, అక్కడ జంప్ లైన్ల కోసం వెనక రీబౌండ్ ఎప్పుడూ మామూలు కంటే నెమ్మదిగానే పెడతాను.

రెండుచక్రాలు (హైదరాబాద్)

గాలిపటం చెప్పిన కారణం నిజమే. కానీ ఆ ఒక్క నాబ్‌తో మొదలుపెట్టకండి. నేను రోజూ ఫోర్కులు, షాక్‌లు విప్పే పనిలోనే ఉంటాను. జంప్‌లో ముందు వాలిపోతోందని వచ్చే బైక్‌లలో చాలావాటికి అసలు లోపం గాలి దగ్గర ఉంటుంది. ముందు మెత్తగా, వెనక గట్టిగా ఉంటుంది. గాలి సరిగా లేకుండా రీబౌండ్ తిప్పితే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పినట్టే. మీ అంకెలు చూస్తే నాకు అదే అనుమానం వస్తోంది. 82 కిలోలకి పైక్‌లో 72 తక్కువే అనిపిస్తోంది.

ముందు సాగ్ (మీ బరువుకి సస్పెన్షన్ ఎంత దిగుతుందో) కొలవండి. హెల్మెట్, ప్యాడ్లు, నీళ్ల బ్యాగు, రోజూ ఏవేసుకుని తొక్కుతారో అన్నీ వేసుకోండి. బ్యాగులో రెండు లీటర్ల నీళ్లుంటేనే రెండు కిలోలు. కంప్రెషన్ (నొక్కుకోవడాన్ని అడ్డుకునే) నాబ్‌లు పూర్తిగా తెరవండి, లాకౌట్ (సస్పెన్షన్ కదలకుండా బిగించేది) తీసేయండి. ఎవరినైనా హ్యాండిల్ పట్టుకోమనండి. సీటు మీద కూర్చుని కాదు, జంప్‌కి వెళ్లేటప్పుడు ఎలా నిలబడతారో అలా పెడల్స్ మీద నిలబడండి. ఒకట్రెండు సార్లు కిందికి నొక్కి స్థిరంగా ఉండండి. పక్కవాళ్లు ఓ-రింగ్‌ను (గొట్టం మీది రబ్బరు రింగు) సీల్ దాకా జరపాలి. తర్వాత బైక్ ఊగకుండా మెల్లగా దిగి, ఓ-రింగ్ ఎంత దూరం జరిగిందో కొలవండి.

ట్రెయిల్ బైక్‌కి ముందు 15 నుంచి 20 శాతం, వెనక 25 నుంచి 30 శాతం మంచి లెక్క. అంటే మీ ఫోర్క్‌లో 21 నుంచి 28 మి.మీ., షాక్‌లో 12.5 నుంచి 15 మి.మీ. మధ్యలో ఉండాలి. జంప్‌లే ఎక్కువైతే ముందు వైపు ఆ లెక్కలో తక్కువ సాగ్ వైపు ఉంచుకోవచ్చు.

పంపు గురించి ఒక్క మాట. షాక్ పంపు తగిలించగానే లోపలి గాలి కొంత గొట్టంలోకి వస్తుంది, అందుకే గేజ్ మీద తక్కువ చూపిస్తుంది. గాలి తగ్గిపోయిందని కంగారు పడక్కర్లేదు. తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు కూడా గొట్టంలోని గాలిదే. గాలి మార్చిన ప్రతిసారీ ఫోర్క్‌ని నెమ్మదిగా కొన్నిసార్లు నొక్కి వదలండి. అప్పుడే పైన పాజిటివ్ గదిలో, కింద నెగటివ్ గదిలో గాలి సమానమవుతుంది. ఆ తర్వాత మళ్లీ గేజ్ చూడాలి.

ఓజార్క్_తెలుగు

అన్నా, చెప్పినట్టే కొలిచాను. ముందు 34 మి.మీ., వెనక 11 మి.మీ. వచ్చింది. అంటే ముందు 24 శాతం, వెనక 22 శాతం.

రీబౌండ్ నాబ్‌లు కూడా చూశాను. ఫోర్క్ నాబ్ పూర్తిగా మూసిన స్థానం నుంచి మూడు క్లిక్కుల దూరంలోనే ఉంది. వెనకది దాదాపు పూర్తిగా తెరిచి ఉంది.

రెండుచక్రాలు

అయితే జవాబు దొరికినట్టే. ముందు మెత్తన, పైగా నెమ్మదిగా తెరుచుకుంటోంది. వెనక గట్టి, పైగా ఝుమ్మని తెరుచుకుంటోంది. ఇలాంటి బైక్ ఎవరెక్కినా ముక్కు వాలుస్తుంది. రీబౌండ్ ముట్టుకోకండి. ముందు గాలి 28 మి.మీ. సాగ్ వచ్చేదాకా పెంచండి, వెనక 14 మి.మీ. దగ్గరికి వచ్చేదాకా తగ్గించండి. ఒక్కొక్కటిగా చేయండి.

కొండదారి (బెంగళూరు)

మంచి చర్చ. లిప్ మీద అసలేం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, అప్పుడు ఏ నాబ్ ఎందుకు తిప్పాలో మీకే తెలుస్తుంది.

నేల మీంచి లిప్ ఒంపులోకి ఎక్కేటప్పుడు బైక్ దిశ కిందినుంచి పైకి మారుతుంది. ఆ మలుపులో మీ బరువు ఎక్కువైనట్టు చక్రాల మీద ఒత్తిడి పెరుగుతుంది. రెండు సస్పెన్షన్లూ సాగ్ కంటే లోతుకి పోతాయి. ముందు చక్రం ముందుగా లిప్ దాటుతుంది, ఫోర్క్ తెరుచుకుంటుంది. ఆ క్షణంలో వెనక చక్రం ఇంకా ఒంపులోనే ఉంటుంది, షాక్ నొక్కుకునే ఉంటుంది. తర్వాత అదీ వదులుతుంది. ఫోర్క్ తెరుచుకోవడానికి, షాక్ తెరుచుకోవడానికి మధ్య పొత్తు కుదిరితే బైక్ లిప్ కోణంలోనే సాఫీగా లేస్తుంది. ఫోర్క్ లోపలే ఇరుక్కుని ఉండగా షాక్ గబుక్కున తెరుచుకుంటే మీరు చెప్పిందే జరుగుతుంది.

అందుకే గాలిపటం గారి సలహాలో సగంతోనే ఏకీభవిస్తాను. వెనక నెమ్మది చేయాల్సిందే, కానీ ముందు వేగం పెంచడం కూడా అంతే ముఖ్యం. చాలామంది వెనక దాని జోలికే పోయి, ముందు దాన్ని మరిచిపోతారు.

గాలి సరిచేశాక ఇంటి ముందే ఒక పరీక్ష చేయండి. బైక్ పక్కన నిలబడి, క్రాంక్‌లు నేలకి సమాంతరంగా పెట్టి, ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి సీటు మీద ఉంచి మధ్యలోకి గట్టిగా నొక్కి వదలండి. ముందూ వెనకా కలిసి దిగి, కలిసి లేవాలి. ఒకటి ముందే లేచి రెండోది వెనకబడితే ఆ తేడా కళ్లకి కనిపిస్తుంది. ఇంకొకటి, సీటు మీద కూర్చుని ఫుట్‌పాత్ అంచు మీంచి మెల్లగా దిగండి. వెనక ఒకసారి ఊగి నిలబడితే సరే. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ వేగం ఎక్కువ.

వీలైతే ఫోన్‌లో స్లో మోషన్‌లో లిప్‌కి పక్క నుంచి తీయించండి. ముందు చక్రం గాల్లోకి వెళ్లిన క్షణం దగ్గర ఆపి, ఫోర్క్ గొట్టం ఎంత బయట ఉందో చూడండి. వంద పోస్టులకంటే ఆ ఒక్క బొమ్మ ఎక్కువ చెప్తుంది.

గాలిపటం

ఒప్పుకుంటాను, గాలి ముందు చూడాల్సిందే. కానీ ఒక విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. లిప్ నిటారుగా ఉన్న జంప్‌లలో వెనక రీబౌండ్ మామూలు ట్రెయిల్ సెట్టింగ్ కంటే రెండు క్లిక్కులైనా నెమ్మదిగా ఉండాలి. లిప్ ఎంత నిటారైతే షాక్ అంత లోతుకి నొక్కుకుంటుంది, అంత బలంగా తిరిగి తన్నుతుంది. మామూలు రాళ్ల దారికి బాగుండే రీబౌండ్ అక్కడ సరిపోదు.

కొండదారి

జంప్‌లు మాత్రమే తొక్కే రోజైతే మీ మాట కాదనను. కానీ జంప్ లైన్ ముందు బ్రేకులు వేసి వేసి పడిన గతుకులు ఉంటాయి కదా. రీబౌండ్ మరీ నెమ్మదైతే ఒక గతుకు మీద నొక్కుకున్న షాక్ పూర్తిగా తెరుచుకోకముందే తర్వాతి గతుకు వస్తుంది. నాలుగైదు గతుకులు దాటేసరికి ట్రావెల్ సగం లోపలే ఉండిపోతుంది. అలా కూరుకుపోయిన బైక్‌తో లిప్ ఎక్కితే లేవదు. అది దిగేటప్పుడు కూడా ఇబ్బందే, ఎందుకంటే దెబ్బ తీసుకోవడానికి మిగిలిన ట్రావెల్ తక్కువ. అందుకే నేను తన్నడం ఆగినంతవరకే తిప్పి అక్కడ ఆపుతాను.

ఓజార్క్_తెలుగు

గాలి సరిచేశాను. ముందు 84 పిఎస్ఐ దగ్గర 28 మి.మీ. సాగ్ వచ్చింది, వెనక 180 దగ్గర 14 మి.మీ. ఈ మార్పుతోనే కోలర్‌లో సగం భయం పోయింది. ఆ తర్వాత ఫోర్క్ రీబౌండ్ ఐదు క్లిక్కులు తెరిచాను, వెనకది నాలుగు క్లిక్కులు మూశాను. ఒక్కో మార్పుకీ ఒకే జంప్‌ని, ఒకే వేగంతో మళ్లీ మళ్లీ తొక్కాను.

మిత్రుడు వీడియో తీశాడు. పాత సెట్టింగ్‌తో తీసిన దాంట్లో ముందు చక్రం లిప్ దాటి గాల్లో ఉన్నా ఫోర్క్ గొట్టం ఇంకా సగానికి పైగా లోపలే ఉంది, వెనక చక్రం మాత్రం అప్పటికే కిందికి సాగిపోయింది. కొత్త దాంట్లో ముందు చక్రం లిప్ వదిలేసరికి ఫోర్క్ దాదాపు పూర్తిగా తెరుచుకుంది. బైక్ లిప్ కోణంలోనే లేస్తోంది, దిగేటప్పుడు రెండు చక్రాలూ దాదాపు కలిసి తాకుతున్నాయి.

ఒక్కటి మిగిలింది. కాస్త ఎక్కువ దూరం దూకి ల్యాండింగ్ వాలు దాటి చదును మీద పడినప్పుడు ఫోర్క్ ఠక్ మని అడుగుకి తగులుతోంది. ఓ-రింగ్ పైదాకా వెళ్లిపోయింది. గాలి ఇంకా పెంచనా?

రెండుచక్రాలు

వద్దు. గాలి పెంచితే సాగ్ చెడుతుంది, చిన్న గతుకుల మీద చేతులు నొప్పెడతాయి. ఇక్కడ కావాల్సింది చివరి భాగంలో గట్టిదనం. దానికే టోకెన్లు. ఫోర్క్ గాలి గదిలో పెట్టే ప్లాస్టిక్ ముక్కలవి. గదిలో చోటు తగ్గుతుంది, అందుకే మొదట్లో మెత్తగానే ఉంటుంది, చివరికి వచ్చేసరికి గాలి బాగా ఒత్తుకుపోయి గట్టిపడుతుంది. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి నొక్కి చూడండి, చివరి అంగుళం దగ్గర చేతికి ఎలా ఎదురు తిరుగుతుందో, అదే ఇక్కడ జరిగేది.

ముందు ఒకటే వేయండి. మీ మోడల్‌కి గరిష్ఠంగా ఎన్ని పట్టచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని దాటకండి. అప్పుడప్పుడు ఒకసారి అడుగుకి తగలడం తప్పు కాదు. పెద్ద దెబ్బకి కూడా ట్రావెల్ పూర్తిగా వాడుకోకపోతే అంత ఫోర్క్ కొని ఉపయోగం లేదు. ప్రతి దూకుడుకీ తగులుతుంటేనే టోకెన్.

వేసేటప్పుడు జాగ్రత్త, ఇది గట్టిగా చెప్తున్నాను. పైక్‌లో గాలి వైపు ఎడమ కాలు (ఫోర్క్ ఎడమ గొట్టం). వాల్వ్ మూత తీసి, గాలి మొత్తం వదిలేయాలి. వదులుతూ ఫోర్క్‌ని నెమ్మదిగా నొక్కుతూ ఉండాలి, లోపల ఏమాత్రం మిగలకూడదు. గాలి ఉండగా పై మూత విప్పితే అది ముఖం మీదికి తుపాకీ గుండులా వస్తుంది. మూత అల్యూమినియం, గుండ్రని అంచున్న మామూలు సాకెట్ జారి దాని మూలలు అరిగిపోతాయి, చదును మూతి ఉన్న సాకెట్ వాడండి. బిగించేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించాలి. ఆ తర్వాత మళ్లీ 84 కొట్టి, మెల్లగా నొక్కి వదిలి, సాగ్ మళ్లీ కొలవండి.

వెనక షాక్‌లో కూడా ఇలాంటివి పెట్టచ్చు. కానీ గాలి వదిలాక షాక్ లోపలికి కుదించుకుపోయి అలాగే ఉండిపోయిందంటే దాన్ని ఇంట్లో విప్పకండి. నెగటివ్ గదిలో గాలి చిక్కుకుని ఉండొచ్చు, అది ప్రమాదం. సర్వీస్ తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి.

కొండదారి

నీలం నాబ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అది లో స్పీడ్ కంప్రెషన్. ఇక్కడ స్పీడ్ అంటే మీ వేగం కాదు, ఫోర్క్ గొట్టం లోపలికి వెళ్లే వేగం. లిప్ మీద మీరు కాళ్లతో నొక్కి లేచినప్పుడు ఫోర్క్ మెల్లగా, బలంగా దిగుతుంది. ఆ కదలికని ఆపేది ఈ నాబే. ఒకట్రెండు క్లిక్కులు మూస్తే మీరు నొక్కిన బలం ఫోర్క్‌లో కరిగిపోకుండా ఎత్తుగా మారుతుంది. ఎక్కువ మూస్తే రాళ్ల మీద గరుకుగా ఉంటుంది. చదును మీద పడినప్పుడు వచ్చే దెబ్బ మాత్రం హై స్పీడ్ కంప్రెషన్ పని, అన్ని ఫోర్కులకీ దాని నాబ్ బయట ఉండదు.

సాగరతీరం (విశాఖపట్నం)

అన్నలందరికీ నమస్తే. నాది హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని బైక్), ముందు కాయిల్ ఫోర్క్ (గాలికి బదులు స్ప్రింగ్), 100 మి.మీ. పైన ఒకవైపు ప్రీలోడ్ నాబ్, ఒకవైపు లాకౌట్, అంతే. రీబౌండ్ నాబ్ లేదు. మేం కొందరం కలిసి ఊరి చివర ఖాళీ స్థలంలో మట్టితో చిన్న టేబుల్‌టాప్ కట్టుకున్నాం, మోకాలి ఎత్తు ఉంటుంది. లిప్ దాటగానే ముందు చక్రం పైకి ఎగురుతుంది, దిగేటప్పుడు కొట్టినట్టవుతుంది. ప్రీలోడ్ పూర్తిగా బిగిస్తే గట్టిపడుతుందా? లాకౌట్ వేసి దూకితే నయమా?

రెండుచక్రాలు

తమ్ముడూ, లాకౌట్ వేసి అస్సలు దూకొద్దు. లోపలి డ్యాంపర్ (ఆయిల్‌తో కదలికని నెమ్మది చేసే భాగం) పాడవుతుంది, మణికట్లకీ దెబ్బే. ప్రీలోడ్ స్ప్రింగ్‌ని గట్టిపరచదు, స్ప్రింగ్ ఎక్కడి నుంచి కదలడం మొదలుపెట్టాలో మాత్రమే మారుస్తుంది. పూర్తిగా బిగిస్తే సాగ్ పోతుంది, తిరిగి తన్నడం ఇంకా ఎక్కువవుతుంది. నీ బరువుకి ఆ స్ప్రింగ్ సరిపోకపోతే దాని పరిష్కారం వేరే గట్టిదనం ఉన్న స్ప్రింగే. అది కొన్ని ఫోర్కులకి విడిగా దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు.

దానికంటే ముఖ్యమైంది ఒకటుంది. నీ బైక్ మాన్యువల్‌లో, కొన్నింటికైతే ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో, అది ఏ రకం వాడకానికి చేసిందో రాసి ఉంటుంది. చాలా కంపెనీలు ఏఎస్‌టీఎం (ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) వర్గీకరణ పాటిస్తాయి. అందులో 3వ తరగతి బైక్ అంటే 61 సెంటీమీటర్ల లోపు దూకుడు వరకే, 4వ తరగతి అయితే 122 సెంటీమీటర్ల లోపు. నీది 2వ తరగతి అయితే దూకడానికి చేసింది కాదని అర్థం. ఫోర్క్ బ్రాండ్ కంటే ముందు అది చూసుకో.

కొండదారి

సాగరతీరం, మీ టేబుల్‌టాప్‌లో మార్చగలిగింది లిప్. నిటారుగా ఉంటే కాస్త పొడవుగా, వాలుగా చేయండి. ల్యాండింగ్ వాలు కూడా అలాగే. చదును మీద పడితే ఏ ఫోర్క్ అయినా కొడుతుంది. వాలు మీద దిగితే మామూలు కాయిల్ ఫోర్క్ కూడా హాయిగా తీసుకుంటుంది. జంప్‌ల కోసమే చేసిన చిన్న హార్డ్‌టెయిళ్లలో ఫోర్క్ 100 మి.మీ. దగ్గరే ఉంటుంది, దాన్ని చాలా గట్టిగా, దాదాపు సాగ్ లేకుండా సెట్ చేస్తారు. అక్కడ దెబ్బ తీసుకునేవి మోకాళ్లు, మోచేతులు, ల్యాండింగ్ వాలు. మీరు నేర్చుకుంటున్నదీ అదే పద్ధతి.

సాగరతీరం

స్టిక్కర్ చూశాను అన్నా, 3 అని ఉంది. మా జంప్ ఆ లెక్కలోనే ఉంది. ఆదివారం పార పట్టుకుని లిప్ పొడవు చేస్తాం, ప్రీలోడ్ మళ్లీ వదులు చేసేశాను.

ఓజార్క్_తెలుగు

ఒక టోకెన్ వేయించాను, ఠక్ మనడం ఆగింది. ఓ-రింగ్ ఇప్పుడు పైనుంచి ఓ సెంటీమీటర్ దూరంలో ఆగుతోంది. కానీ కొత్త విషయం ఒకటి గమనించాను. ఇంట్లో హీటర్ ఉన్న గదిలో బైక్ సెట్ చేసుకుని, పొద్దున్నే చలిలో తొక్కితే బైక్ మెత్తగా, పైగా మందంగా అనిపిస్తోంది. మధ్యాహ్నానికి మళ్లీ బాగుంటోంది. నా ఊహేనా?

గాలిపటం

ఊహ కాదు, మాకూ చలికాలంలో ఇదే. మూసిన గదిలో గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. లెక్క కట్టి చూడు. 25 డిగ్రీల గదిలో 200 పిఎస్ఐ ఉన్న షాక్ 5 డిగ్రీల చలిలోకి వస్తే దాదాపు 186కి పడిపోతుంది. దాని పైన, చలికి డ్యాంపర్ ఆయిల్ చిక్కబడుతుంది, రీబౌండ్ నెమ్మదిస్తుంది. అందుకే మెత్తదనం, మందం రెండూ కలిసి వచ్చాయి. బైక్‌ని ముందే బయట పెట్టి, అది చల్లబడ్డాక అక్కడే గాలి చూసుకో. చలికాలంలో రెండు వైపులా రీబౌండ్ ఒక క్లిక్ తెరిచి తొక్కు.

రెండుచక్రాలు

మాకు హైదరాబాద్‌లో దీనికి తిరగబడి జరుగుతుంది. మే నెలలో పొద్దున 25 డిగ్రీల దగ్గర సెట్ చేసి, 42 డిగ్రీల ఎండలో రాళ్ల మీద వదిలితే షాక్‌లో పది పిఎస్ఐ పైగానే పెరుగుతుంది. అప్పుడు వెనక మళ్లీ తన్నడం మొదలవుతుంది, రైడర్ రీబౌండ్‌ని అనుమానిస్తాడు. సెట్ చేసిన ఉష్ణోగ్రత కూడా అంకెల పక్కన రాసుకోవడం మంచిది.

ఇంకొకటి, పైక్ కింది కాళ్ల సర్వీస్ 50 గంటలకోసారి అని రాక్‌షాక్స్ చెప్తుంది. సీళ్ల దగ్గర ఆయిల్ ఎండిపోతే ఫోర్క్ మొదటి అంగుళంలో పట్టేస్తుంది, అప్పుడు మీరు కొలిచే సాగ్ కూడా తప్పుగా వస్తుంది. బైక్ కొన్నప్పటి నుంచి ఒక్కసారీ చేయించకపోతే, ఇంకే నాబ్ తిప్పకముందు అది చేయించండి. ఆ తర్వాత సాగ్ మళ్లీ కొలిచి అంకెలు ఇక్కడ పెట్టండి, 84 దగ్గర 28 కంటే ఎక్కువ వస్తే ఎంత గాలి కలపాలో చూద్దాం.